వరండాలో ఫ్రీజర్

టాలో క్రీక్, మిసిసిపీ
1984 ఆగస్టు 27

మా ఇంటి హీరో రోడెల్‌కి,

అక్క వెర్లీన్ రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు వేళకి తింటున్నావనీ, ఫుట్‌బాల్ మైదానంలోనే కాక క్లాసులో కూడా అప్పుడప్పుడు మొహం చూపిస్తున్నావనీ అనుకుంటాను.

గురువారం పొద్దున నేను స్కూల్లో వంటకి బయల్దేరుతుంటే మన మట్టిరోడ్డు మీద పెద్ద లారీ వచ్చి ఆగింది. ఒళ్ళంతా ‘లాసిటర్ ఫర్నిచర్, గ్రేడీ, అలబామా’ అని రాసుంది. ఇద్దరు మనుషులు దిగి ఒక డీప్ ఫ్రీజర్ దించారు. మన స్నానాల తొట్టి కంటే పొడుగు. ఇల్లు తప్పి వచ్చారేమో అన్నాను. కాగితం మీద అమ్మ పేరు చూసుకుని, “ఒజెల్లా గెయిన్స్ గారిల్లు ఇదే కదమ్మా? మీ తమ్ముడు పంపించాడు” అన్నాడు డ్రైవరు. వంటింటి గుమ్మంలోంచి పట్టలేదు. వరండాలోనే పెట్టారు. అమ్మ వాళ్ళకి అప్పుడే కాల్చిన మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ పెట్టి, కడుపు నిండా తినేదాకా కదలనివ్వలేదు.

అమ్మ సంగతి ఏం చెప్పను? నాన్న పోయిన ఈ రెండేళ్ళలో ఆవిడ మొహం అలా వెలగడం నేను చూడలేదు. పాత ఫ్రిజ్ చచ్చినప్పుడు వేసవంతా ఒలిచి దాచుకున్న అలచందలు పారబోస్తూ ఏడ్చింది, గుర్తుందా? ఇప్పుడు రోజూ వెనిగర్‌తో తుడుస్తోంది. ఐడా గ్రీర్ బెండకాయలు, మన చర్చి పెద్ద డీకన్ పర్విస్ పట్టిన చేపలు, ఎవరో వేటాడిన జింక మాంసం, అన్నీ అందులోకే చేరాయి. ప్రతి పొట్లం మీదా టేపు, టేపు మీద పేరు. వీధిలో వాళ్ళంతా మన వరండాలోంచే కూర తీసుకెళ్తున్నారు.

అంతా బాగుంది. కానీ ఒరేయ్, నీకు డబ్బెక్కడిది?

మీ అక్క
వెర్లీన్


గ్రేడీ, అలబామా
సెప్టెంబర్ 6

అక్కా,

నువ్వు వంటల్లోకి వెళ్ళి ఆ పోలీసు శాఖకి అన్యాయం చేశావు. తమ్ముడు ఒక వస్తువు పంపితే ఎన్ని ప్రశ్నలు!

నేను లాసిటర్ గారి కొట్టులో పనిచేస్తున్నాను. శనివారాలు, ఆట లేని రోజుల్లో. ఆయనకి మా కాలేజీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. నన్ను కొడుకులా చూసుకుంటాడు. పనివాళ్ళకి తక్కువ ధరకి ఇస్తాడు, జీతంలో కొంచెం కొంచెం పట్టుకుంటాడు. అంతే, ఇందులో వింతేమీ లేదు.

ఈ ఏడాది బంతి నాకే ఎక్కువ ఇస్తామని కోచ్ బర్డెట్ అన్నాడు. మొన్న ఆటలో నా పేరు పెట్టి అరుస్తుంటే చెవులు గింగురుమన్నాయి. నాన్న ఉంటే రేడియో నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు.

ఒక్క మాట. ఈ ఫ్రీజర్ సంగతి ఊరంతా చెప్పుకోవద్దని అమ్మతో చెప్పు. గొప్పలు పోతున్నట్టు ఉంటుంది. నువ్వు చెప్తేనే వింటుంది.

నీ తమ్ముడు
రోడెల్


టాలో క్రీక్
సెప్టెంబర్ 18

తమ్ముడూ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. శనివారం వచ్చినా బాగుండేది.

ఆదివారం చర్చిలో పాట అయ్యాక, పొందిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాలకి పాస్టర్ గారు పిలవగానే అమ్మ లేచింది. మేలు పొంది నోరు మూసుకు కూర్చోవడం అమ్మ లెక్కలో దొంగతనంతో సమానం, నీకు తెలుసు. నీకు ఒకప్పుడు బూట్లిచ్చిన ఆవిడకి కూడా చర్చిలో లేచి కృతజ్ఞత చెప్పిన మనిషి.

“హోయ్ట్ లాసిటర్ అనే ఆయన నన్నెప్పుడూ చూడలేదు. నా కొడుకు బంతి పట్టుకుని పరిగెత్తడం చూసి సంతోషపడి నా వరండాలోకి ఫ్రీజర్ పంపించాడు. ఒక్క సెంటు తీసుకోలేదు. ప్రభువా, ఆయన్నీ ఆయన ఇంటినీ చల్లగా చూడు” అంది. చర్చి చర్చంతా ఆమెన్ అంది. విసనకర్రలు ఆగిపోయాయి.

ఒక్క సెంటు తీసుకోలేదని అమ్మకి ఆ లారీ డ్రైవరే చెప్పాడట. నువ్వేమో జీతంలో పట్టుకుంటారని రాశావు. ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్తున్నారు. ఆ డ్రైవరుకి అబద్ధంతో పనేముంది?

ఇంకో సంగతి. ఆ రోజు డీకన్ పర్విస్ బావమరిది చుట్టపుచూపుగా వచ్చాడు. వాళ్ళబ్బాయి మీ మీద ఆడే కాలేజీలో చదువుతున్నాడు. ప్రార్థన అయ్యాక అమ్మ దగ్గరికి వచ్చి మంచి కొడుకుని కన్నారని మెచ్చుకున్నాడు. ఆ కొట్టు ఏ ఊళ్ళో ఉందని కూడా అడిగాడు. అమ్మ మురిసిపోయి అన్నీ చెప్పింది. నాకు ఆయన నవ్వు నచ్చలేదు.

ఏం జరుగుతోందో ఈసారైనా సరిగ్గా రాయి.

అక్క


గ్రేడీ
సెప్టెంబర్ 29

అక్కా,

అమ్మ లేస్తుంటే గౌను పట్టుకుని కూర్చోబెట్టలేకపోయావా? పేరు కూడా చెప్పాలా? పక్కన కూర్చుని ఏం చేస్తున్నావు నువ్వు?

సరే, విను. ఆ కొట్టు మీద రంగురంగుల దీపాల బోర్డు ఒకటుంది. శనివారం సాయంత్రం నేను రోడ్డుకి అవతల నిలబడి అది వెలిగిందో లేదో చూడాలి. అదే నా ఉద్యోగం. ఆ బోర్డుని గడియారం వెలిగిస్తుంది. నేను చూసినా వెలుగుతుంది, చూడకపోయినా వెలుగుతుంది. మాలో ఒకడు ఒక కార్ల కొట్లో టైర్లలో గాలి ఉందో లేదో చూస్తాడు. ఇంకొకడికి చూసే పని కూడా లేదు, నేరుగా జీతమే. కోచ్‌కి తెలుసు, ఊరికి తెలుసు. తెలియనట్టు ఉండటం అందరికీ అలవాటు. ఆటగాళ్ళు చదువూ తిండీ తప్ప ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని కాలేజీలన్నిటి మీదా ఉండే ఆటల బోర్డు రూలు.

నువ్వే చెప్పు. స్టేడియం నిండేది మమ్మల్ని చూడటానికి. నా నంబరున్న చొక్కాలు కాలేజీ కొట్లో అమ్ముతున్నారు, అందులో ఒకటి కొనుక్కునే స్తోమత నాకు లేదు. ఏం కావాలి, కారా అని లాసిటర్ అడిగాడు. కారు వద్దు, మా అమ్మకి ఫ్రీజర్ కావాలి అన్నాను. అలా అన్నందుకు చాలా మంచివాణ్ణని అనుకున్నాను కూడా.

ఆ పర్విస్ బావమరిది ఊరుకోలేదు. ఆటల బోర్డు నుంచి ఇద్దరు వచ్చి కాలేజీలో కూర్చున్నారు. అక్కడికీ వస్తారు. అమ్మే డబ్బు దాచుకుని కొనుక్కుందని చెప్పండి. ఒక్క చిన్న మాట. లేకపోతే నా ఆట ఇంతటితో సరి, చదువు కూడా పోతుంది.

రోడెల్


టాలో క్రీక్
అక్టోబర్ 12

రోడెల్,

వచ్చారు. నేను స్కూల్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే నువ్వు చెప్పమన్న మాట అమ్మకి నేను చెప్పలేదు. రోజూ చెప్దామని వంటింట్లోకి వెళ్ళడం, ఆవిడ ఏదో పాడుకుంటుంటే వెనక్కి రావడం.

టైలు కట్టుకున్న ఇద్దరు తెల్లవాళ్ళు. అమ్మ వాళ్ళని వరండాలో కూర్చోబెట్టి తియ్యటి చిలగడదుంప ‘పై’ ముక్కలు కోసి పెట్టిందట. ఫ్రీజర్ గురించి అడిగితే మూత ఎత్తి చూపించింది. ఇవి ఐడా గ్రీర్ బెండకాయలు, ఇవి డీకన్ చేపలు, ఇది చర్చిలో చావు భోజనాలకి దాచిన మాంసం అని ఒక్కో పొట్లం తీసి చెప్పింది. ఎవరిచ్చారు అంటే లాసిటర్ గారు అంది. డబ్బు? ఒక్క సెంటు లేదు అంది. మీ అబ్బాయి అక్కడ ఏం పని చేస్తాడు? అది మీరు వాణ్ణే అడగండి, మంచి పనే చేస్తుంటాడు అంది.

నేను వచ్చేసరికి ప్లేట్లు కడుగుతోంది. “మంచి పిల్లలే. కానీ ఆ ఇద్దర్లో చిన్నవాడు వెళ్ళేటప్పుడు నా మొహం చూడలేదు. నేనేమైనా తప్పు మాట్లాడానా వెర్లీన్?” అని అడిగింది.

లేదమ్మా అన్నాను. నిజానికి తప్పేమీ మాట్లాడలేదు కదా. అయినా ఆ మాట అంటుంటే నాకు సిగ్గేసింది.

వెర్లీన్


గ్రేడీ
అక్టోబర్ 21

అక్కా,

అంతా సర్దుకుంది. కోచ్ బర్డెట్, కాలేజీ లాయరు కలిసి చూసుకున్నారు. వచ్చే శనివారం ఆడుతున్నాను. టీవీలో వేస్తారు, పర్విస్ వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ ముందే కూర్చుని చూడండి.

ఫ్రీజర్ కోసం ఎవరైనా వస్తే మాట్లాడకుండా ఇచ్చెయ్యండి. ఒకటికి రెండు కొంటాను తర్వాత. అమ్మకి ఇవేమీ చెప్పకు.

అమ్మ ఒంట్లో బాగుందా? బాగా నిద్రపోతోందా?

రోడెల్


టాలో క్రీక్
నవంబర్ 5

రోడెల్ గెయిన్స్‌కి,

అమ్మ బాగుందా అని ఎందుకడిగావో నాకు తెలిసింది.

బోర్డు మనుషుల్లో చిన్నవాడు మళ్ళీ వచ్చాడు, ఒక్కడే. ఈసారి నేనున్నాను. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. మీకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైందా అని అమ్మని అడిగాడు. అమ్మ నవ్వి, లేదు బాబూ, నాకు యాభై ఎనిమిదేళ్ళే అంది. ఆయన ఇబ్బందిగా కాగితం చూసుకుని అడిగాడు.

“చనిపోయిన మీ భర్తకి రోజూ రాత్రి కంచం పెడుతుంటారా అమ్మా?”

నాన్న పోయిన కొత్తలో అమ్మ ఆ కంచం పెట్టిన సంగతి ఈ ప్రపంచంలో ముగ్గురికే తెలుసు. ఆయన రాడని నాకు తెలుసు, నా చెయ్యే ఇంకా ఒప్పుకోవడం లేదు అని మనకి చెప్పింది. ఒక నెల పెట్టి తనంతట తానే మానేసింది. బయట ఎవరికీ చెప్పొద్దు అంది. మనం చెప్పలేదు. నేను చెప్పలేదు.

అమ్మ నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది. నన్ను చూడలేదు, ఆయన్నీ చూడలేదు. ఫ్రీజర్ మీద చెయ్యి వేసి నిలబడింది.

“మా అబ్బాయి చెప్పాడా?” అంది. ఆయన తల ఊపాడు. “అయితే నిజమే. నాకు అన్నీ కలగాపులగం అవుతున్నాయి. ఇది నేనే కొనుక్కుని ఉంటాను” అంది.

అంతటితో ఆగలేదు. ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాలప్పుడు లేచింది. నేను వద్దమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. గౌను పట్టుకుని కూర్చోబెట్టలేకపోయావా అన్నావు కదా, ఈసారి ప్రయత్నించాను. విడిపించుకుని నిలబడి, ఆ రోజు తను చెప్పింది తప్పనీ, ఎవరూ ఏమీ ఇవ్వలేదనీ, వయసు మీద పడి తికమకపడ్డాననీ, తన కోసం ప్రార్థించమనీ అడిగింది. ఎవరూ ఆమెన్ అనలేదు. నేను నా విసనకర్ర మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను. లేచి మా అమ్మ బుర్ర నిక్షేపంలా ఉంది అని ఒక్క ముక్క అనొచ్చు. అనలేదు. నీ ఆట గుర్తొచ్చింది.

మంగళవారం అదే లారీ వచ్చింది. ఈసారి బిస్కెట్లు తినలేదు వాళ్ళు. పొట్లాలన్నీ వరండా చెక్కల మీద పడేసి ఫ్రీజర్ ఎక్కించుకుపోయారు. ఎండగా ఉంది. కబురు వెళ్ళి ఒక్కొక్కళ్ళూ వచ్చారు. టేపు మీద పేరు చూసుకుని, తడి కారుతున్న పొట్లం తీసుకుని, అమ్మతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. చర్చి మాంసం ఎవరిదీ కాదు కాబట్టి మిగిలిపోయింది. గొయ్యి తీసి నేనే పాతిపెట్టాను.

ఇప్పుడు అమ్మతో అందరూ పసిపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా, గట్టిగా మాట్లాడుతున్నారు. ముసలి విలీస్ గారు పోతే, ఎప్పుడూ అమ్మ చేసే చావు భోజనాల పని ఐడా గ్రీర్‌కి ఇచ్చారు. మీరు పొయ్యి ఆర్పడం మరిచిపోతారేమో అక్కా, విశ్రాంతి తీసుకోండి అని పాస్టర్ గారి భార్య ఎంతో ప్రేమగా చెప్పింది. అమ్మ మెడలో రిబ్బనుకి ఉండే చర్చి వంటగది తాళంచెవి తీసి ఇచ్చేసింది. ఆ తాళంచెవి లేని అమ్మని నేనెప్పుడూ చూడలేదు.

నీ ఆట టీవీలో చూశాం. అమ్మే పద అంది. నువ్వు బంతి పట్టుకుని చివరి గీత దాటి పాయింట్లు తెచ్చినప్పుడు చప్పట్లు కొట్టింది.

వెర్లీన్


గ్రేడీ
నవంబర్ 14

అక్కా,

అలా పిలిచే మొహం నాకు లేదు. అయినా ఇంకేమని పిలవను?

నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఈసారి ఏమీ దాచను.

కోచ్ బర్డెట్ గదిలో లాయరు ముందే రాసి పెట్టాడు. మా అమ్మ పెద్దావిడ, అప్పుడప్పుడు పొరబడుతుంది అని. ఇందులో అబద్ధమేముంది, అమ్మలందరూ పొరబడతారు, సంతకం పెట్టు అన్నాడు కోచ్. నా భుజం మీద చెయ్యి వేశాడు. లాయరు మాత్రం పెదవి విరిచాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అంటే నమ్మరు, ఇంకేదైనా ఉందా, ఇంట్లో ఎప్పుడైనా వింతగా ప్రవర్తించిందా అని అడిగాడు.

వాళ్ళు నన్ను కొట్టలేదు అక్కా, బెదిరించలేదు. ఎదురుచూశారు, అంతే. బయట కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్న ఈలలు వినిపిస్తున్నాయి. నాకు అక్కడికి వెళ్ళాలనిపించింది. అప్పుడు కంచం సంగతి చెప్పాను. ఎవరూ అడగలేదు దాన్ని. నేనే వెతికి తీసి ఇచ్చాను. రెండేళ్ళ కింద ఒక నెల అని కూడా చెప్పలేదు. ఇప్పటికీ రోజూ పెడుతుంది అన్నాను. లాయరు బాగుంది అన్నాడు.

ఆ శనివారం ఆడాను. నేను గీత దాటితే డెబ్భై వేల మంది లేచి నిలబడ్డారు. ఆట అయ్యాక లాసిటర్ వచ్చి కౌగిలించుకుని, ‘మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది పాపం’ అని కన్ను కొట్టాడు. నేను నవ్వాను. అది కూడా రాయాలి కదా, నవ్వాను.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు అదే చదువుకుంటూ ఉన్నాను. నిన్న బోర్డు మనుషుల్లో ఆ చిన్నవాడు ఉండే హోటలుకి వెళ్ళాను. దీపాల బోర్డు, ఫ్రీజర్, లాయరు, కోచ్, కంచం, అన్నీ చెప్పాను. అమ్మ మొదటిసారి చెప్పిన ప్రతి మాటా నిజమని రాసిచ్చాను. ఆయన రాసుకుంటూ, ‘ఆవిడ పెట్టిన చిలగడదుంప పై తిన్నాను నేను’ అన్నాడు.

ఇవాళ పొద్దున నా లాకరు ఖాళీ చేయించారు. ఈ సెమిస్టర్ తర్వాత చదువు లేదు. నాతో రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు మంచం ఇంకో గదిలోకి మార్చుకున్నాడు. వాడికీ ఒక అమ్మ ఉంది, వాడు కూడా ఏదో తీసుకున్నాడు, నా వల్ల వాడిదీ బయటపడుతుంది. వాణ్ణి తప్పుపట్టలేను.

థాంక్స్‌గివింగ్ పండగ ముందురోజు బస్సుకి వస్తాను. ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్తాను, మా అమ్మ పొరబడలేదు, నేనే ఆవిడ్ని అమ్ముకున్నాను అని. నిలబడనిస్తుందా అని అమ్మని అడుగు. ఇంట్లోకి రానిస్తుందా అని ముందు అడుగు.

రోడెల్


టాలో క్రీక్
నవంబర్ 18

తమ్ముడూ,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. కంచం దగ్గరికి వచ్చేసరికి రెండు వరసలు దాటేద్దామని చూశాను. “ఆపకు, వాడు రాసింది రాసినట్టు చదువు” అంది. చదివాను. ఏడవలేదు. లేచి వరండాలోకి వెళ్ళింది. ఫ్రీజర్ ఉన్నచోట చెక్కలు మిగతావాటికంటే కొత్తగా కనిపిస్తాయి. అక్కడ కుర్చీ వేసుకుని కొలార్డ్ ఆకుకూర తరుగుతూ సాయంత్రం దాకా కూర్చుంది. నేను మధ్యలో వెళ్ళి, వాణ్ణి రావద్దని రాయనా అని అడిగాను. నా కోపం నాకుంది మరి. ఇప్పటికీ ఉంది, వచ్చాక నువ్వే చూస్తావు.

అమ్మ కత్తి పక్కన పెట్టి చెప్పిన మాటలు ఇవి.

“రమ్మను. ఆదివారం నిలబడమను. కానీ నా తర్వాత. వాడు అబద్ధం చెప్పింది ఆఫీసు గదిలో. నేను దేవుని మందిరంలో నిలబడి చెప్పాను. వాడి తప్పు వెనక నా తప్పు దాచుకోను. ముందు నేను లేస్తాను. పక్కన కూర్చుని మొత్తం వినాలి వాడు. నేను కూర్చున్నాక లేవాలి.”

నేను కూడా లేస్తానమ్మా అన్నాను. ఆ విసనకర్ర సంగతి నన్నూ తింటోంది. నీ ఇష్టం అంది.

ఐడా గ్రీర్ నుంచి తాళంచెవి తిరిగి వస్తుందో లేదో తెలియదు. మనం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పినా నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు ఇంకా జాలిగానే చూస్తారు. కొడుకు కోసం ఇంకో కట్టుకథ చెప్తోంది పాపం అంటారు. అది అమ్మకి తెలుసు. నువ్వూ తెలుసుకునే రా.

పడుకోబోయే ముందు, గురువారం పండగ భోజనానికి కోడి పెద్దది తేనా, మనం ముగ్గురమే కదా అని అడిగాను. అమ్మ దీపం ఆర్పుతూ, నాలుగు కంచాలు పెట్టాలి అంది.

“నాలుగోది మీ నాన్నది. అది మాత్రం నువ్వు పెట్టకు, నేనూ పెట్టను. వాడి చేత్తో వాడే పెట్టాలి.”

బస్సు దిగే చోట ఉంటాను.

అక్క